బాలచంద్ర చెవి

తిరుపతిలో తాతయ్యగుంట పక్క సందులో, పూలంగడికీ ఇస్త్రీ బండికీ నడుమ ఇరుకైన మెట్లున్నాయి. ఆ మెట్లెక్కితే బాలచంద్రగారి కార్ఖానా. కార్ఖానా అన్నది ఆయన మాట. చూసినవాళ్లకు మాత్రం అదొక గది. గదిలో ఒక బల్ల, టంకం పెట్టే కడ్డీ, వైర్ల చుట్టలు, గోడకు ఒక గిటారు. ఆ గిటారు వాయించడం ఆయనకు రాదు. ఒక తీగ మీటి, తల ఓ పక్కకు వంచి, కళ్లు అరమూసి వినడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఆ వినే తీరు చూసి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చేవాళ్లు.

ఆయన తయారు చేసేవి రెండు. ఒకటి పెడల్. గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య నేల మీద పెట్టుకునే చిన్న రేకు డబ్బా అది. కాలితో మీట నొక్కితే చాలు, అప్పటిదాకా మెత్తగా పలికిన గిటారు గరగరమంటూ మీదికొస్తుంది. రెండోది ఆ మోతనంతా బయటికి వినిపించే ఆంప్లిఫయర్. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరే వేసుకున్నాడు. వేరే పేరు పెట్టమని ఎవరో సలహా ఇస్తే, పేరు పెట్టడానికి కూడా చెవి ఉండాలన్నాడట.

చెవి. ఆయన ప్రపంచమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేది. అలిపిరి నుంచి రేణిగుంట దాకా గాలిస్తే చెవి ఉన్న మనిషి తానొక్కడేనని బాలచంద్రకు గట్టి నమ్మకం. పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్లకు చెవి లేదు, చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లకు లేదు, భజన మండలి వాళ్ల సంగతి ఎత్తితే ఆయన మొహం ఆముదం తాగినట్లయ్యేది. "ఎకో పెట్టకపోతే దేవునికి ఇనపడదనుకుంటా ఉండారప్పా. ఒక్క గోవిందా అంటే పది గోవిందాలు రావల్ల వాళ్లకి" అనేవాడు. చైనా డబ్బాలు చెత్త. అమెరికా డబ్బాలు పేరున్న చెత్త. తనకు ఎవరైనా ఎదురు చెప్పబోతే, ఓ చిరునవ్వు నవ్వి, "నీ చెవికి అందదులే" అని ఊరుకునేవాడు.

ఈ మాటకున్న శక్తి అంతా ఇంతా కాదు. విన్నవాడు మొదట చిన్నబోయేవాడు, తర్వాత తన చెవినే అనుమానించేవాడు. చివరికి లేని నాణ్యత కూడా వినిపిస్తున్నట్లు తల ఊపి, డబ్బా కొనుక్కుని దిగిపోయేవాడు. వ్యాపారానికి ఇంతకంటే పెట్టుబడి ఏముంటుంది?

ఇంతటి చెవి ఎక్కడ పెరిగిందంటే, చంద్రగిరిలో, మైకు సెట్టు అద్దెకిచ్చే చిన్నబ్బ ఇంట్లో. పెళ్లయినా, జాతరయినా, ఎలక్షన్ మీటింగయినా చుట్టుపక్కల ఊళ్లలో చిన్నబ్బ హారన్లే మోగాలి. గంగాళమంత మూతి ఉన్న రేకు హారన్లవి. వైర్లు ఎవరైనా కోసుకుపోతారేమోనని రాత్రిళ్లు కాపలాకు కొడుకును తీసుకుపోయేవాడు. పిల్లవాడు హారన్ పక్కనే దుప్పటి పరుచుకుని పడుకునేవాడు. పైన తెల్లవార్లూ హరికథ మోగుతున్నా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "నా కొడుకు హారన్ పక్కన్నే నిద్రపోతాడు సూడప్పా, ఎంత గుండె" అని చిన్నబ్బ అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. అలా నిద్రపోతుండగా ఒక ఫోటోగ్రాఫరు చేత ఫోటో కూడా తీయించాడు. పిల్లవాడు ఎందుకు ఉలకడం లేదని మాత్రం ఆ ఇంట్లో ఒక్కరూ ఆలోచించిన పాపాన పోలేదు.

పెద్దయ్యాక బాలచంద్రకు ఆ హారన్లంటే పరమ అసహ్యం పట్టుకుంది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. రేణిగుంట దగ్గర టీవీ బోర్డులు చేసే ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి, అక్కడ ఎవరికీ చెవి లేదని మానేశాడు. టీవీ బోర్డులకు చెవితో పనేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత ఒక కాలేజీ కుర్రాడి విదేశీ ఆంప్లిఫయర్ రిపేరుకు వస్తే, దాన్ని విప్పి చూసి, ఇందులో ఏముందని పెదవి విరిచి, అలాంటిదే ఒకటి తయారు చేశాడు. అక్కడి నుంచి ఆయన పెడళ్ల మనిషయ్యాడు.

మొదటి పెడల్ నాయనకు వినిపించాడు. చిన్నబ్బ నోరు తెరుచుకుని కాసేపు విన్నాడు. "ఏంరా, నా సెట్టులో గరగర పోగొట్టేదానికి నేను బతుకంతా సచ్చినాను. నువ్వు గరగర సేసి అమ్ముతావా?" అన్నాడు. "నీ చెవికి అందదులే నాయనా" అన్నాడు కొడుకు. తండ్రితో కూడా అదే మాట. చిన్నబ్బ పోయాక హారన్లన్నీ పాత ఇనుము బండికి వేసేశాడు. ఆ ఫోటోను కూడా అటకెక్కించబోతే, భార్య లోహిత పట్టుబట్టి కార్ఖానా గోడకు మేకు కొట్టించింది. ఆయన దానివైపు చూసేవాడు కాదు.

ఇంత తిట్టుకున్నాక ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. తొలినాళ్లలో ఆయన చేసిన పెడళ్లు నిజంగా బాగుండేవి. ఆ గరగర అంతా బొంగురుగా పలికే లావు శబ్దాల పని. లావు శబ్దాలు బాలచంద్రకు అందరికంటే బాగా వినిపించేవి. బెంగళూరు పిల్లలు కూడా ఫోను చేసి తెప్పించుకున్నారు. అలా పేరు పాకి చెన్నైలో ఒక పెద్ద సంగీత వాయిద్యాల అంగడి దాకా పోయింది. ఆ అంగడి మేనేజరు దయానంద్ ఫోను చేసి, "మీ ఆంప్లిఫయర్లు పంపండి సార్. బాగుంటే మీ పేరుతోనే షోకేసులో పెడతాము. కాకుంటే బరువు కొంచెం తగ్గించండి, పిల్లకాయలు మొయ్యలేకుండా ఉండారు" అన్నాడు.

ఇక ఆ రోజు నుంచి బాలచంద్ర కాళ్లు నేలమీద ఆనలేదు. చెన్నైలో, అద్దాల వెనక, దీపాల కింద తన పేరు. అది జరిగితే తాను వాయిద్యాలు సృష్టించేవాడు. జరగకపోతే సందులో మైకులు బాగుచేసే చిన్నబ్బ కొడుకు. ఈ రెండో మాట తలుచుకుంటేనే ఆయనకు ఒళ్లు మండేది. ఇంతకాలం ఊరందరినీ చెవిలేని వెధవలన్నదంతా ఆ మాట తన మీద పడకుండా ఉండడానికేనని ఆయనకు తెలుసో లేదో మరి.

బరువు తగ్గించడానికి లోపలున్న ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, సెల్‌ఫోన్ చార్జర్ జాతికి చెందిన తేలిక పవర్ సప్లై పెట్టాడు. పెట్టె చంకలో పెట్టుకుని పోయేంత తేలికైంది. దాంతోపాటు ఇంకొకటి జరిగింది. వాల్యూమ్ పెంచేకొద్దీ స్పీకరులోంచి సన్నటి ఈల రావడం మొదలైంది. చెవి పక్కన దోమ తిరిగినట్లు, ఆగకుండా, పళ్లు జివ్వుమనేలాగా. పేర్ల స్టిక్కర్లు అంటిస్తున్న లోహిత మొదట విన్నది.

"ఏమండీ, ఇది ఈల ఏస్తా ఉండాది" అంది.

బాలచంద్ర తల పక్కకు వంచాడు, కళ్లు అరమూశాడు. తీగ మీటాడు. "యాడ ఈల? అది గాలి" అన్నాడు.

"గాలి కాదండీ. మీరు ఆ గుడ్డ తీసి దాంట్లో పెట్టి చూడండి ఒకసారి."

గుడ్డ అంటే ఆసిలోస్కోపు మీద కప్పింది. శబ్దాన్ని తెర మీద గీతగా చూపించే యంత్రం అది. ఎవరో అమ్ముకుంటుంటే తెచ్చాడు. తెచ్చాక దానిమీద పూల గుడ్డ కప్పి, ఏడాదికొకసారి ఆయుధపూజనాడు గుడ్డ తీసి, గంధం బొట్టుపెట్టి, నిమ్మకాయ తిప్పి, మళ్లీ కప్పేసేవాడు. తెర నిండా పాత కుంకుమ మరకలు. చెవి లేనోళ్లకు కళ్లు కావాలి, నాకెందుకు, అనేవాడు.

"నీ చెవికి అందదులే" అన్నాడు భార్యతో. లోహిత మళ్లీ స్టిక్కర్లు అంటించింది. తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని అంటించింది. ఆమె దూది పెట్టుకోవడం ఆయన చూశాడు కూడా. చలువ చేసిందేమో అనుకున్నాడు. ఎండాకాలంలో.

రెండో హెచ్చరిక ఢిల్లీబాబు నుంచి వచ్చింది. ఢిల్లీబాబు పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. బాలచంద్ర మొట్టమొదటి పెడల్ కొన్నది అతనే, మెచ్చుకుని పదిమందికి చెప్పిందీ అతనే. కొత్త పెట్టె చూడటానికి వచ్చి, గిటారు తగిలించి, వాల్యూమ్ పెంచి, వెంటనే తగ్గించేశాడు.

"అన్నా, ఈల వస్తాంది."

"నువ్వు పందిట్లో డప్పుల పక్కన నిలబడి వాయించే మనిషివి. నీకు ఈలలు గాక ఇంకేం ఇనపడతాయి?"

"డప్పుల పక్కన నిలబడినోడికే ఇనపడతా ఉండాది గదన్నా, అద్దీ కత. చెన్నైకి పంపొద్దు. ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్‌తోనే పంపు."

"నీ చెవికి అందదులేప్పా" అన్నాడు బాలచంద్ర, అదే చిరునవ్వుతో. ఢిల్లీబాబు మొహం ఎర్రబడింది. గిటారు సంచీలో పెట్టుకుని దిగిపోయాడు.

మర్నాడు ఇద్దరు కాలేజీ పిల్లలు వస్తే బాలచంద్ర పెట్టె మోగించి, "ఏమైనా ఈల ఇనపడతా ఉండాదా?" అని అడిగాడు. అడిగిన తీరు ఎలా ఉందంటే, ఉందని చెప్పినవాడు వెంటనే మెట్లు దిగిపోవాలి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "లేదు సార్, చానా క్లియర్ సార్" అన్నారు. సందు మలుపు దగ్గర ఒకడు చెవిలో వేలు పెట్టుకుని గిరగిర తిప్పుకోవడం లోహిత కిటికీలోంచి చూసింది. బాలచంద్ర మాత్రం చూశావా అన్నట్లు భార్యవైపు కనుబొమలెగరేశాడు.

పెట్టెలు సిద్ధమయ్యేసరికి గంగమ్మ జాతర వచ్చింది. ఆ వారం ఊరు ఊరులా ఉండదు. ఒకరోజు ఒంటినిండా నామపుసుద్ద పూసుకుంటారు, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు. మగవాళ్లు చీరలు కట్టి సవరాలు పెట్టుకుంటారు. వేషం కట్టినవాడు దారిలో ఎవరినైనా, ఎంత మాటైనా తిట్టవచ్చు. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. ఎంత పచ్చిగా తిడితే అమ్మవారికి అంత ఇష్టమనీ, తిట్టించుకున్నవాడికి ఆ ఏడు దిష్టి తగలదనీ ఊళ్లో నమ్మేవాళ్లు చాలామంది. బాలచంద్ర కూడా నమ్ముతాడు. ఊరివాళ్ల చెవుల మీదే ఆయనకు నమ్మకం లేనిది, తిట్ల మీద ఉంది.

బొగ్గు వేషం రోజు పెట్టెలన్నీ కిందికి దింపించి, సందు మొదట్లో వరసగా పేర్పించాడు. అమ్మవారి గుడి నుంచి తెచ్చిన కుంకుమ ఒక్కొక్క పెట్టెకూ పెట్టి, ఆటోలో పార్సిల్ ఆఫీసుకు పంపాలని ఆయన ఏర్పాటు. పట్టుపంచె కట్టుకుని పెట్టెల ముందు నిలబడ్డాడు. సందునిండా జనం. అంతలో డప్పులతోపాటు ఒక వేషం వచ్చింది. ఒళ్లంతా బొగ్గు, నడుముకు వేపమండలు, మెడలో నిమ్మకాయల దండ. గొంతును బట్టి ఢిల్లీబాబు అని అందరికీ తెలుస్తూనే ఉంది.

పెట్టెల దగ్గరికి రాగానే ఆ వేషం నిలబడిపోయింది. వేపమండ ఎత్తింది.

"రే బాలసెంద్రా, సెవిటి సచ్చినోడా. నీకు సెవుడు రా. నీ పెట్టె ఈల ఏస్తాంది, ఊరంతా ఇంటాంది, నీకొక్కడికే ఇనపళ్లా. నీ పెళ్లాం సెవుల్లో దూది పెట్టుకునింది సూసుకోరా గుడ్డి నాయాలా. మీ నాయన హారన్ కింద పొణుకోని పొణుకోని సెవులు పోగొట్టుకున్నావు గదరా. ఇయి చెన్నైకి పంపితే నీ మొగాన ఉమ్మేస్తారు. ఇప్పు రా పెట్టెలు, ఇప్పి సూడు రా."

సందంతా గొల్లుమంది. పూలంగడి తాయమ్మ నవ్వలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఢిల్లీబాబు మాత్రం నవ్వడం లేదు. చెమటకు బొగ్గు కారిపోతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామూలు రోజున ఈ మాట అంటే తలుపు మొహాన వేస్తాడని తెలిసి, ఈ ఒక్కరోజు కోసం కాచుకుని ఉన్నాడు పాపం. గుండెలో ఉన్నదంతా అడుగుదాకా చెప్పేశాడు.

బాలచంద్ర రెండు చేతులూ జోడించాడు. మొహం వెలిగిపోతోంది. ఇంతమంది ఉండగా అమ్మవారు తన సందులోకి వచ్చి, తన పేరు పెట్టి, తన పెట్టెల ముందు నిలబడి తిట్టింది. చెన్నై పని ఫలించినట్లే. "ఇంకో మాట తిట్టు తల్లీ" అని తల వంచాడు.

ఢిల్లీబాబు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "తిట్టు కాదురా, నిజం చెప్తా ఉండాను" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. జనం దానికీ నవ్వారు. బాలచంద్ర ఆ వేపమండలోంచి ఒక రెమ్మ భక్తిగా తుంచుకుని, కళ్లకద్దుకుని, పై పెట్టె మీద కుంకుమ పక్కన పెట్టాడు. వెనక నుంచి లోహిత, "ఏమండీ, ఆయప్ప చెప్పేది ఒకసారి వినండి" అంది. "ఇన్నాను గదా. ఎంత బాగా తిట్టినాడు" అన్నాడు. డప్పులు వేషాన్ని ముందుకు తోసుకుపోయాయి. ఆటో పెట్టెలతో కదిలింది.

జాతర ముగిసి ఊరు ఒళ్లు కడుక్కున్నాక చెన్నై నుంచి ఫోను వచ్చింది.

"సార్, ఒకటే విజిల్ సార్" అన్నాడు దయానంద్. "వచ్చినోళ్లంతా చెవులు మూసుకుంటా ఉండారు. మీరు టెస్టు చేసి పంపినారా?"

"మీ కరెంటు సరిలేదేమో చూడండి."

"వేరే చోట కూడా పెట్టి చూసినాము సార్. రిటర్న్ వేస్తా ఉండాము. తప్పుగా అనుకోవద్దు, ఇంక మీ పేరుతో మాకొద్దు."

బాలచంద్ర ఫోను పెట్టేసి చెన్నైని తిట్టాడు. ఉప్పుగాలికి వాళ్ల చెవులు తుప్పు పట్టాయన్నాడు. సముద్రం హోరు వినీ వినీ ఏది ఈలో ఏది పాటో తెలియని జనమన్నాడు. చెన్నైలో సంగీతం ఎప్పుడో చచ్చిందన్నాడు. వినేందుకు లోహిత తప్ప ఎవరూ లేరు. ఆమె చెవుల్లో ఆ రోజు దూది లేదు, కాబట్టి అంతా విన్నది.

పెట్టెలు తిరిగొచ్చిన రోజు కబురు తెలిసి ఢిల్లీబాబు వచ్చాడు. ఒళ్లు శుభ్రంగా ఉంది, చెవి వెనక మాత్రం ఇంకా కాస్త బొగ్గు. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్క పెట్టే భుజాన వేసుకుని మెట్లెక్కించాడు. పైపెట్టె మీద వేపరెమ్మ ఎండిపోయి అలాగే ఉంది. బాలచంద్ర దాన్ని చూపించి ఎగతాళిగా నవ్వాడు.

"నీ తిట్లు పారలేదు గదప్పా. అమ్మకు సరిపోయినట్లు లేదు."

"అన్నా, అవి తిట్లు కావు. మిగతా సందుల్లో అందరినీ తిట్టినాను. నీకాడ మటుకు తిట్టలేదు. దండం పెట్టి చెప్పినా నువ్వు ఇనవని అట్ల చెప్పినాను."

"మళ్లీ అదే మాట."

"అదే మాటన్నా. నీకు సన్న శబ్దాలు ఇనపడవు. ఈ మాట చెప్పిన దానికి నువ్వు నన్ను మళ్లీ మెట్లెక్కనియ్యకపోయినా సరే."

బాలచంద్ర నవ్వడానికి నోరు తెరిచాడు. అప్పుడు లోహిత బల్ల దగ్గరికి వచ్చి ఒక పెట్టెకు వైరు తగిలించింది.

"ఒక పని చేద్దామండీ. మీరు ఆ గోడ పక్కకు తిరిగి కూర్చోండి. నేను వాల్యూమ్ తిప్పుతాను. ఈల వస్తే చెయ్యెత్తండి. రాలేదంటే మా చెవులే పోయినాయని ఒప్పుకుంటాం, ఇంకెప్పుడూ ఎత్తము."

"పిల్లకాయల ఆట" అన్నాడు బాలచంద్ర. అయినా స్టూలు లాక్కున్నాడు. ఇద్దరినీ ఒకేసారి సిగ్గుపరిచే అవకాశం ఆయన ఎందుకు వదులుకుంటాడు? గోడవైపు తిరిగి కూర్చుని, తల పక్కకు వంచి, కళ్లు అరమూశాడు. అదే ఠీవి. చెయ్యి మోకాలి మీద, వేలు పైకెత్తడానికి సిద్ధంగా.

ఆయనకు అన్నీ వినిపిస్తున్నాయి. కింద ఇస్త్రీ పెట్టె బల్ల మీద దబ్బుమనడం, సందు చివర బస్సు హారన్, తాయమ్మ ఎవరితోనో బేరానికి గొడవపడడం. తన చెవి ఎంత పదునుగా ఉందో తలుచుకుని లోలోపల మురిసిపోయాడు. వెనక ఢిల్లీబాబు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఏమీ లేదు. ఓడిపోతామని భయపడి లోహిత జాప్యం చేస్తోందనుకున్నాడు. ఆడవాళ్లకు ధైర్యం చాలదు. కాసేపు ఓపిక పట్టాడు. ఇంకాసేపు పట్టాడు. చివరికి విసుగొచ్చింది.

"నేను రెడీ. ఇంక తిప్పు" అన్నాడు.

లోహిత గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"తిప్పినానండీ. ఆపేసి కూడా చానా సేపయింది."

బాలచంద్ర కళ్లు పూర్తిగా తెరిచాడు. ఎదురుగా ఫోటోలో, గంగాళమంత హారన్ మూతి పక్కన, పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు.